బుకిట్ పంజాంగ్‌లో రోమన్ శిథిలాలు

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చునేవాడికి తెలియనిది ఉండదని లోకం నమ్మేది. లోకం కంటే ముందు మేం నమ్మేవాళ్లం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని సింగపూర్ వచ్చి ఏడాది తిరక్కుండానే నాకో సంబంధం వచ్చింది. అమ్మాయి ఫొటో చూసి పడిపోయాను. (ఇంకా లేవలేదు.) అడ్డల్లా అమ్మాయి నాన్నగారే. గుంటూరు జిల్లాలో చరిత్ర మాస్టారు. నన్ను పరీక్షగా చూడటానికి ఇక్కడే బుకిట్ పంజాంగ్ పేటలో ఉన్న తన చెల్లెలి ఇంట్లో దిగారు. ఎన్ని అద్దాల మేడలు చూపించినా పెదవి విరిచేవారు. "అన్నీ నిన్నగాక మొన్న కట్టినవే గదా అబ్బాయ్! ఎల్లుండి నేను విమానం ఎక్కేలోపు పాతదేదన్నా ఉంటే చూపించు. పిల్ల సంగతి అప్పుడు మాట్లాడదాం" అన్నారు.

చరిత్రలో నావి అత్తెసరు మార్కులు. ఆ సాయంత్రం ఎల్‌ఆర్‌టీ రైల్లో తిరిగి వెళ్తుంటే, ఫ్లాట్ల మధ్య ఖాళీ జాగాలో కనిపించాయి విరిగిన తెల్లటి స్తంభాలు, ఒక కమాను, తలలేని బొమ్మ. అచ్చం స్కూలు పుస్తకంలో రోము! మర్నాడు పొద్దున్నే మాస్టారి ముందు వాలి, "రోమన్ల శిథిలాలున్నాయండీ!" అన్నాను. కోప్పడతారేమోనని భయపడ్డాను గానీ, "ఎందుకుండవు? మన గుంటూరు పొలాల్లో వాళ్ల నాణేలు దొరకలా? అంతదూరం వచ్చినోళ్లు ఇంకాస్త ముందుకు రారూ?" అంటూ కండువా భుజాన వేసుకున్నారు.

అక్కడికి చేరగానే మాస్టారు చెప్పులు విడిచారు. "రెండు వేల ఏళ్లు నాయనా!" అంటూ కళ్లనీళ్లతో ఒక స్తంభాన్ని వాటేసుకున్నారు. అంతే, స్తంభం కాస్తా ఊడి ఆయన చేతుల్లోకి వచ్చేసింది! మాస్టారు చూస్తే బక్కప్రాణి, స్తంభం చూస్తే నిలువెత్తు. విరిగిన చోట చూద్దును గదా, లోపలంతా థర్మోకోల్. ఇంతలో వాన ముందరి గాలి విసురుకి తలలేని బొమ్మ దొర్లుకుంటూ పోయి, దాని కింద ఇంగ్లీషు బోర్డు బయటపడింది. షో ఫ్లాట్, అన్నీ అమ్ముడయ్యాయి అని. కొత్త ఫ్లాట్లు అమ్మడానికి రోము హంగులతో కట్టిన నమూనా ఇల్లట. పని తీరిపోయింది కనక కూలుస్తున్నారు.

నా పెళ్లి కూడా ఆ గాలికే పోయిందనుకున్నాను. "ఒట్టండీ మాస్టారూ, నిజమనే అనుకున్నా" అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా. ఆయన స్తంభాన్ని మెల్లగా పక్కన పెట్టి, నన్ను ఎగాదిగా చూశారు. చెల్లెలి ఇంటికి రాగానే ఫోనందుకుని ఊళ్లో ఉన్న కూతురికి చెప్పారు. "అబ్బాయికి చరిత్ర బొత్తిగా రాదమ్మా. మోసం అంతకన్నా రాదు. చేసుకో."

ఇప్పుడు మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. అందరూ చురుకైన కుర్రాళ్లే వస్తున్నారు, వంక పెట్టడానికి లేదు. నాకే, థర్మోకోల్ స్తంభాన్ని చూసి నోరు తెరిచే వెర్రివాడొక్కడు తలుపు తడితే బాగుండుననిపిస్తుంది.