సున్నం గుర్తు పెట్టిన చెట్లు

పెదకాకాని దగ్గరి ఒక ఊరి చెరువులో ఫారెస్టువాళ్ళు తుమ్మ వేసిన నాటి నుంచీ జక్రయ్యే కాపలా. మొదట్లో మేకల్ని తోలాడు. చెట్లు ఎదిగి ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టాక, వడిసెలలతో వచ్చే ఆకతాయిల్ని తోలాడు, వడిసెలలు లాక్కుని గుడిసె చూరులో దోపాడు. కొంగలు ఊరికి శుభమని అరుగుల మీద చెప్పేవాళ్ళే రెట్ట కంపు భరించలేక వాటిని తిట్టేవాళ్ళు కూడా. జక్రయ్య మాత్రం గూట్లోంచి జారిన పిల్లని చంకన పెట్టుకుని చెట్టెక్కేవాడు, గీరుకుపోయిన చేతులతో దిగేవాడు.

ఎనభై ఆరు వేసవిలో చెరువు ఎండగానే చెట్లు కొట్టడానికి వచ్చారు. కట్టె పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, ఊరి వాటా డబ్బుతో బడికి పైకప్పు. తప్పేమీ లేదు. వేసిందే కొట్టడానికి. జక్రయ్య పొయ్యిలో మండేదీ తుమ్మే. కానీ గూళ్ళలో ఇంకా ఎగరలేని పిల్లలున్నాయి.

రేంజరు అనంతపద్మనాభం మంచివాడే. "తూర్పు మూల చెట్లు గుంపుగా వదిలేద్దాం జక్రయ్యా, మిగతావి కొట్టేద్దాం" అన్నాడు.

"మిగతా గూళ్ళలో పిల్లలేం పాపం చేసినయ్ సార్?" జక్రయ్య కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు. "గూడున్న చెట్టునల్లా వదిలెయ్యండి. గూడు లేనియి ఆ మూలవైనా సరే కొట్టుకోండి."

"కొంగలు నీకు ఓట్లేస్తాయా ఏంది?" అని నవ్వాడు కంట్రాక్టరు లాల్ అహ్మద్. నవ్వుతూనే ఒప్పుకున్నాడు, రేంజరూ సరేనన్నాడు. గూడున్న ప్రతి చెట్టుకీ జక్రయ్యే సున్నం గుర్తు పెట్టాడు. ఆ గుర్తుల్ని గొడ్డలి తాకలేదు.

వారం తిరక్కుండా గాలిదుమారం లేచింది. గుంపులో ఒకదాన్నొకటి కాచుకుంటూ సన్నగా, పొడుగ్గా పెరిగిన చెట్లవి. పక్కవి పోయాక మెత్తటి చెరువు మట్టిలో నిలబడలేకపోయాయి. తెల్లారి జక్రయ్య వెళ్ళేసరికి సున్నం గుర్తులు నేల మీదున్నాయి, కొమ్మల కింద పిల్లలు. ఒక్క చెట్టు మాత్రం వంగిపోయి మిగిలింది. రేంజరు వచ్చి చూసి ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేదని జక్రయ్య తన భార్య రెబ్కాతో అన్నాడు.

వానలు పడి చెరువు నిండింది. కొంగలు వచ్చాయి, ఆ వంగిన చెట్టు మీదే పుల్లలు పేర్చడం మొదలుపెట్టాయి. అన్నం తెచ్చిన రెబ్కా గట్టు మీదే ఆగిపోయింది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి జక్రయ్య వడిసెల తిప్పుతున్నాడు.

"మతి పోయిందా? నువ్వే కొడతన్నావేందయ్యా?"

"తగలకుండానే ఏస్తన్నాలేవే" అన్నాడు జక్రయ్య, చెట్టు వైపే చూస్తూ. "అది నిలబడదని వాటికెట్టా చెప్పేది?"

వడిసెలలో ఇంకో రాయి పెట్టాడు.