రేపల్లె రేవులో జారని ఇనుప బాట

వానలు వెలిశాక రేపల్లె వెళ్లాను. అక్కడి రేవులో పడవల నుంచి గట్టుకి వేసిన ఇనుప బాట ఒకటుంది. చేపల తట్టలు మోసే నాగమణి నిరుడు దాని మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. తర్వాత దానికి కాలు జారని పూత వేసే పని మాకొచ్చింది. మా షెడ్డులో చేసి చూసిన పూతలు కొన్ని మినప పొట్టులా లేచిపోయాక, ఎపాక్సీ అనే గట్టి బంకలో గరుకు పలుకులు కలిపిన ఈ పూత కుదిరింది. వానలకు ముందే బాటకు వేశాం. అది నిలిచిందో లేదో చూడాలి.

బాపట్లలో పొద్దున ఏడింటి బండెక్కి తెనాలిలో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ తిని, అంగలకుదురులో మా షెడ్డుకెళ్లి నమూనా పలక తీసుకుని వెనక్కొచ్చాను. రేపల్లె బండికి కాస్త ముందొస్తే కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. ఎదుటి సీటు పెద్దావిడ నా ఒళ్లోని పలకను తడిమింది.

"ఏంటి బాబూ ఇది, అల్లం తురుముకునేదా?"

"కాదండి పిన్నిగారూ, కాలు జారకుండా ఇనుము మీద వేసే పూత."

తమ ఇంటి మేడమెట్లు కూడా ఇనుపవేనని, ఒకసారి వచ్చి చూడమని ఆనవాళ్లన్నీ చెప్పి భట్టిప్రోలులో దిగిపోయింది.

ఆటోలో రేవు చేరేసరికి పడవలొచ్చేశాయి. బాట నిండా చేపల జిగురు, పొలుసులు. వంగి అంచులన్నీ గోటితో గీకి చూశాను. తోపుడుబండి తిరిగే మలుపులో పూత కాస్త అరిగింది గానీ ఎక్కడా లేవలేదు. ఆడవాళ్లందరూ దాని మీదే నడుస్తున్నారు, నాగమణి తప్ప. ఆవిడ పక్కన బురదలో దిగబడుతూ గట్టెక్కుతోంది.

ఎందుకని అడిగాను. "పడ్డదాన్ని నేను గదా," అంది.

బూట్లు విప్పి, ఆవిడ తట్ట నెత్తికెత్తుకుని ఆ జిగురులోనే నడిచాను. చేపల నీళ్లు చొక్కాలోకి కారాయి. అందరూ నవ్వారు. కాలు జారలేదు, అరికాళ్లకు మాత్రం కొంచెం గుచ్చుకుంది. ఈసారి పలుకు సన్నం చెయ్యాలి.

"సర్లే తమ్ముడూ, నా తట్ట నాకియ్యి," అంటూ నాగమణి బాట మీద కాలు పెట్టింది. ముందు మెల్లగా, వేళ్లు బిగబట్టి నడిచింది. తర్వాత బురద వైపు వెళ్లనే లేదు.

సాయంత్రం బండిలో నా చొక్కా వాసనకి పక్కాయన లేచి వెళ్లాడు. కాళ్లు చాపుకుని కూర్చున్నాను. షెడ్డులో ఆ పూతను ఉప్పునీటిలో నానబెట్టాం, ఇనుప బ్రష్షుతో రుద్దాం. అయినా అది నిలుస్తుందని నాకు నమ్మకం కుదిరింది మాత్రం, నాగమణి కిందికి చూసుకోకుండా, పక్కావిడతో కబుర్లాడుతూ దాని మీద నడిచి వెళ్లినప్పుడే.