కరివేపాకు మొదట్లో గుండె బిళ్ళలు

మా ఆయనకు ఎవరి మాటకీ 'కాదు' అనడం చేతకాదు, ఒక్క నా మాటకి తప్ప. అమలాపురంలో గుండె డాక్టరమ్మ ఏం చెప్పినా "ఆయ్", "అలాగేనండి" అంటూ బుద్ధిమంతుడిలా తలూపి వచ్చేవారు.

పాపం, ఆ పిల్ల ఎంతో ఓపిగ్గా చెప్పింది. "బాబాయిగారూ, కోపమొచ్చినా భయమేసినా ఒంట్లో అడ్రినలిన్ ఊరుద్దండి. వేగంగా, గట్టిగా కొట్టుకోమని గుండెని తరుముద్ది. మీ గుండె కండరం అసలే నీరసపడింది. అస్తమానం తరిమితే ఇంకా అలిసిపోద్ది. ఈ బీటా బ్లాకరు బిళ్ళ ఆ తరుముడికి అడ్డుపడుద్దండి. మొదట్లో కాస్త మందకొడిగా ఉంటది గానీ, నెలలు గడిచేకొద్దీ కండరం కోలుకుంటదండి."

"ఆయ్," అన్నారీయన.

మళ్లీ చూపించుకోవలసిన రోజు పొద్దున్న కరివేపాకు కోద్దామని పెరట్లోకి వెళితే, మొక్క మొదట్లో తెల్లగా బిళ్ళలు! సగం కరిగినవి కొన్ని, నిన్నటివి కొన్ని. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అప్పటికే ఆటో వాకిట్లోకి వచ్చేసింది. డాక్టరమ్మకి ఆయనే చెబుతారులే అని నోరు నొక్కుకున్నాను.

ఆవిడ నాడి చూసి మొహం చిట్లించింది. "వేగం తగ్గలేదేంటండీ? బిళ్ళలు వేసుకుంటున్నారా?"

"ఆయ్, మానకుండా వేసుకుంటున్నానండి."

"అయితే మోతాదు పెంచుదాం," అని కలం తీసింది.

పరాయివాళ్ల ముందు మొగుడి మాట కొట్టేయడం మా ఇళ్లలో లేదు. అయినా ఏం చేయను? "ఈయన వేసుకోవట్లేదమ్మా. కరివేపాకు మొక్కకి వేస్తున్నారు," అనేశాను.

ఆయన మొహం కందగడ్డలా అయింది. డాక్టరమ్మ స్టెతస్కోపు ఆయన గుండెల మీద పెట్టి, నవ్వు ఆపుకుంటూ, "ఇదిగో, అడ్రినలిన్ అంటే ఇదేనండి. ఎందుకు మానేసేరు?" అంది.

"అది వేసుకుంటే, కొబ్బరితోటలో కూలోళ్లు కాయలు దింపుతుంటే వాళ్ల మీద ఓ కేక కూడా వేయబుద్ధి కాదండి. ఈవిడ తిట్టినా గుండెల్లో చలనముండదు. బతికున్నానో లేదో తెలవట్లేదండి. వద్దంటే మీరు నొచ్చుకుంటారని..."

"ఉన్నట్టుండి మానేస్తే ప్రాణానికే ప్రమాదమండీ. మళ్లీ చిన్న మోతాదుతో మొదలుపెడదాం."

ఆయన మళ్లీ తలూపబోయారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. డాక్టరమ్మ ఉందని కూడా చూడకుండా ఆయన చెయ్యి పట్టేసుకున్నాను.

"నా తిట్లకి మీ గుండె కదలకపోతే పీడా పోయె. తిట్టడానికి మీరంటూ ఉండాలి కదండీ!"

ఆయన నావంక చూశారు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "నాకు భయంగా ఉందండి," అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు.