పీపా చెక్క కట్టుకున్న కాళ్ళు

మా మామగారు మైకా టిల్మన్ పీపాలు చేసేవాడు. ఒహాయో నది ఒడ్డున మా హార్లన్స్ ఫెర్రీ ఊళ్ళో ఆయన చేసిన పీపా కారిందని ఎవరూ అనగా నేను వినలేదు. అలాంటి మనిషి ఒక వేసవి పొద్దున చేతిలో పని పక్కన పెట్టి, కొడుకును బల్ల మీద కూర్చోబెట్టి వాడి కాళ్ళకి కొలతలు తీసుకున్నాడు.

ఆ కొడుకే నా మొగుడు అంబ్రోజ్. తెల్లవాళ్ళ బేస్‌బాల్ జట్టులో జీతానికి ఆడిన నల్లవాడు మా చుట్టుపక్కల ఆయనే మొదలు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు కళ్ళు ఇంత చేసుకుని వింటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

ఆయన కాపలా రెండో బేస్ దగ్గర. బేస్ అంటే నేల మీద కట్టిన గుడ్డ సంచి, అంతే. అవతలి జట్టువాడు పరిగెత్తుకొచ్చి దాన్ని తాకేలోపు బంతితో వాణ్ని తాకితే వాడు అవుట్. వచ్చేవాడు కాళ్ళు ముందుకు చాపి జారుతూ వస్తాడు. వాడి బూట్ల అడుగున ఇనప మేకులుంటాయి. మిగతావాళ్ళ మీదికి వచ్చేటప్పుడు ఆ మేకులు నేలబారుగా వచ్చేవి. మా ఆయన మీదికి వచ్చేటప్పుడు మోకాళ్ళ దాకా లేచేవి. ఆట మొదలవక ముందు వాటిని ఆకురాయితో పదును పెట్టుకునే మహానుభావులను నేను కళ్ళారా చూశాను. జట్టు బట్టలన్నీ ఉతికేది నేనే. అందరి బట్టలకీ మట్టి అంటేది. మా ఆయన మేజోళ్ళు మాత్రం నెత్తురు వదలడానికి ముందు ఉప్పునీళ్ళలో నానబెట్టాల్సి వచ్చేది.

"మానెయ్యవయ్యా," అన్నాను ఒకరోజు ఆయన పిక్కలకు గుడ్డ చుడుతూ. "మీ నాన్నతో పాటు పీపాలు చేసుకు బతకలేమా?"

"నేను మానేస్తే 'చూశారా, వీళ్ళ వల్ల కాదు' అంటారు. ఈ ఏడు గట్టిగా నిలబడ్డాననుకో, వచ్చే ఏడు మనవాణ్ని ఇంకొకణ్ని తీసుకుంటారు."

"నిలబడ్డానికి కాళ్ళు మిగలాలిగా!"

చర్చిలో పాస్టరు గారైతే ఏకంగా ప్రసంగంలోనే చెప్పేశాడు, అంబ్రోజ్ కాళ్ళ మీద మనందరం నిలబడి ఉన్నామని. అందరూ ఆమెన్ అన్నారు. అంతమంది ఎక్కి నిలబడితే ఆ కాళ్ళేం కావాలని ఒక్కరూ అడగలేదు. నేను ఆమెన్ అనలేదు. దానికి మా వీధిలో ఆడవాళ్ళు నాతో చాన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు.

మామగారు దేవదారు పలకలు సన్నగా చెక్కి, పీపా పలకను వంచినట్టే సెగ మీద వంచి, లోపల పాత బొంత ముక్కలు కుట్టించాడు. అవి మేజోళ్ళ కింద కట్టుకుని వెళ్ళాడు మా ఆయన. ఆ రోజు మేకులు చెక్కకి తగిలి టక్కుమన్నాయి. జారుకుంటూ వచ్చినవాడు తెల్లబోయి చూశాడు. మేజోళ్ళు మొదటిసారి మట్టితోనే ఇంటికొచ్చాయి. నేను వాటిని పట్టుకుని నవ్వుతూ ఏడ్చాను.

ఆ సంబరం ఎంతోకాలం లేదు. సంగతి తెలిశాక పలకల్ని చీల్చడమే వాళ్ళకో ఆటైపోయింది. చీలిన పలక మేకు కన్నా ఎక్కువ కోసేది. మామగారు దేవదారు మానేసి, విస్కీ పీపాలకి వాడే గట్టి ఓక్ చెక్క తీశాడు.

"ఒరే, వీటిలో విస్కీ పోసినా కారదు," అన్నాడు తట్టి చూపిస్తూ.

"బరువుగా ఉన్నాయి నాన్నా."

"బరువుంటేనేరా ఆగేది. నీ కాళ్ళు నాకు కావాలి."

బరువు కాళ్ళతో మా ఆయన మునుపటిలా పరిగెత్తలేకపోయాడు. చేతికందాల్సిన బంతులు పక్కనుంచి పోయేవి. "ఏరా కట్టెకాళ్ళోడా, చలికాలం మా పొయ్యిలోకొస్తావా?" అని జనం అరిచేవాళ్ళు. పత్రికవాడు ఇంకా పెద్దమనిషి. ఇతని మందకొడితనం ఆ జాతి లక్షణమేనని రాశాడు. చెక్క సంగతి మాత్రం రాయలేదు.

ఆఖరి ఆటకి ముందు మేనేజరు ప్రెంటిస్ మా ఇంటికే వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి టోపీ తిప్పుకుంటూ మాట్లాడాడు.

"టిల్మన్, నిన్ను నీ పరుగు చూసి తీసుకున్నా. ఆ పలకలు తీసెయ్. లేదంటే రేపు రాకు."

"వాళ్ళ మేకులు తీయించగలరా అయ్యా?" అన్నాను నేను.

ప్రెంటిస్ టోపీ పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు మా ఆయన పలకలు బల్ల మీద పెట్టేసి వెళ్ళాడు. మా వాళ్ళకి వేరుగా వదిలిన బల్లల మీద నేనూ మామగారూ కూర్చున్నాం. అబ్బ, ఎలా పరిగెత్తాడు ఆ రోజు! పోతుందనుకున్న బంతల్లా ఆయన చేతిలోనే ఉంది. నా కోపమంతా మర్చిపోయి లేచి అరిచాను. మామగారు మాత్రం కూర్చునే ఉన్నాడు, కళ్ళు కొడుకు కాళ్ళ మీద పెట్టుకుని.

ఆట ముగియవస్తుండగా ఒకడు రెండో బేస్ వైపు జారాడు. బంతి అసలు అటు రానే లేదు. వాడు వచ్చింది బేస్ కోసం కాదు. మేము మైదానంలోకి పరిగెత్తేసరికి కుడి పిక్క తెరుచుకుని లోపలి ఎముక కనబడుతోంది. కట్టు కట్టడానికి ఏమీ దొరక్క, నేనుతికిన జట్టు చొక్కానే చింపాను.

ప్రాణం నిలిచింది గాని కాలు తిన్నగా రాలేదు. మరుసటి వసంతంలో జట్ల యజమానులంతా కూర్చుని నల్లవాళ్ళను ఇక తీసుకోవద్దని తీర్మానించుకున్నారు. మా ఆయనకి ఆ కబురు చెప్పడానికి కూడా ఎవరూ రాలేదు. కుంటివాడికి చెప్పేదేముంది? ఆయన పీపాలకి ఇనప పట్టీలు బిగిస్తూ నాన్న కొట్లోనే ఉండిపోయాడు.

మామగారు మళ్ళీ నవ్వడం నేను చూడలేదు. "సన్నగా చెక్కాల్సింది. మందం పెట్టి నేనే వాడి పరుగు తీశాను," అనేవాడు. కాదు మామయ్యా అని నేను, కాదు నాన్నా అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. మంచం మీద ఆఖరి మాటా అదే.

మామగారు పోయిన చాలా ఏళ్ళకి, మా వయసు మళ్ళాక, అంబ్రోజ్ ఒక ఆట చూద్దామన్నాడు. ఇద్దరం మళ్ళీ అవే బల్లల మీద కూర్చున్నాం. బంతి అందుకోవడానికి, కొట్టేవాడి వెనక కూర్చునే తెల్ల ఆటగాడు మోకాళ్ళ నుంచి పాదాల దాకా దళసరి తొడుగులు కట్టుకుని వచ్చాడు. జనం మొదట నవ్వారు. తర్వాత బంతి వచ్చి కాలికి ఠపీమని తగిలినా వాడు చెక్కు చెదరకపోయేసరికి మైదానమంతా లేచి చప్పట్లు.

మా వెనక కుర్రవాడొకడు, "ఎంత తెలివిరా! ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదు చూడు," అన్నాడు.

నేను వాడి వైపు తిరగబోయాను. తిరగకుండానే ఆగిపోయాను, నా పక్కన మా ఆయన కూడా కర్ర ఒళ్ళో పెట్టుకుని చప్పట్లు కొడుతున్నాడు.

"సిగ్గు లేదటయ్యా? ఎవరికి కొడుతున్నావు?"

"మా నాన్నకి," అన్నాడు.

జనం ఆపేశాక కూడా ఆయన ఇంకాసేపు కొట్టాడు. నా చేతులు మాత్రం ఒళ్ళోంచి లేవలేదు.