చర్చి వరండాలో కూర్చున్న మనిషి

మా చర్చి తాళంచెవి పదకొండేళ్ళుగా మా ఇంట్లోనే ఉంటోంది. మా ఊరు మార్కాపురానికి బస్సులో అరగంట దూరం. చర్చి అంటే రేకుల కప్పు, పలకరాయి పరిచిన నేల, ముందు చిన్న వరండా, అంతే. అయ్యగారు ఆదివారం మార్కాపురం నుంచి స్కూటర్ మీద వచ్చి ఆరాధన నడిపి వెళ్ళిపోతారు. మిగతా రోజులు తలుపుకు తాళం. శనివారం సాయంత్రం ఊడ్చేది, చాపలు పరిచేది, కుండలో నీళ్ళు నింపేది నేనే. నా భక్తి చూసి ఇచ్చిన పని కాదది. నేను ఎవరినీ ఓ పట్టాన నమ్మనని ఊళ్ళో అందరికీ తెలుసు. తాళం అలాంటి మనిషి దగ్గర ఉంటే మంచిదని సంఘ పెద్దలు అనుకున్నారు.

నిజమే, నాకు అనుమానం ఎక్కువ. ఎవరైనా గొంతెత్తి ప్రార్థన చేస్తుంటే నేను కళ్ళు ఓరగా తెరిచి వాళ్ళ ముఖం చూసేదాన్ని. మరీ వంగి వందనాలు చెప్పినవాళ్ళు ఏదో అడగడానికే వస్తున్నారని ముందే అనుకునేదాన్ని. చాలాసార్లు నేను అనుకున్నట్టే జరిగేది. అందువల్ల ఆ గుణాన్ని దేవుడిచ్చిన తెలివి అనుకుంటూ వచ్చాను.

నా భర్త ఒకప్పుడు ఆ చర్చిలోనే డోలక్ వాయించేవాడు. ఆరేళ్ళ కిందట ఒక పెళ్ళిలో తాగి, మర్నాడు ఆ వాసనతోనే వచ్చి డోలక్ ముందు కూర్చున్నాడు. పెద్దలు అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకోమన్నారు. దేవుని దగ్గర ఒప్పుకున్నాను, మీ దగ్గర ఎందుకు ఒప్పుకోవాలని లేచి బయటికి నడిచాడు. ఆ రోజు నుంచి తాగడం మానేశాడు, చర్చికి రావడమూ మానేశాడు. గేదెలను తోలుకుపోయేటప్పుడు చర్చి వస్తే రోడ్డుకు అవతలి పక్కకు దాటి నడిచేవాడు. పలకల గనిలో దుమ్ము పీల్చి పీల్చి ఊపిరి పాడవడంతో కూలికి పోలేడు. పగలంతా ఇంటి దగ్గరే ఉంటాడు. నేను పొద్దున్నే పొలానికి పోతే తిరిగి వచ్చేది సాయంత్రమే.

మిరపకాయలు కోసే రోజుల్లో మొదలైంది ఇదంతా. ఒక శనివారం ఊడవడానికి వెళ్ళి చూస్తే డోలక్ సంచి ముడి వేరుగా ఉంది. పాత చీర చింపి ఆ సంచి కుట్టింది నేనే. లాగితే ఊడిపోయే ముడి వేస్తాను. ఇప్పుడు రెండు చుట్లు తిప్పి బిగించి కట్టి ఉంది. ఆ పైవారం పక్క కిటికీ గడియ తీసి ఉంది. ఇంకో వారం కుండలో నీళ్ళు జానెడు తగ్గాయి. మైకుసెట్టు ఉన్నచోటే ఉంది, కానుకల పెట్టె కదలలేదు. ఏమీ పోకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. దొంగ అయితే ఏదో ఒకటి తీసుకుపోవాలి కదా.

అయ్యగారి దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. మధ్యలో ఎప్పుడైనా వచ్చారా అని అడిగాను. రాలేదన్నారు. అది పట్టించుకోకుండా, ఈమధ్య డోలక్ మోత బాగుంది, తాళ్ళు ఎవరు బిగిస్తున్నారని నన్నే అడిగారు. మా ఆయన మానేశాక ఏదో కాస్త వచ్చినవాళ్ళు వాయించడమే గాని దాన్ని శ్రుతి చేసేవాళ్ళెవరూ లేరు. అయ్యగారు నా దగ్గర ఏదో దాస్తున్నారని కూడా రెండు రోజులు అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక ఆడమనిషి మా ఊరికి రావడం ఎక్కువైంది. దోర్నాల అవతల అడవి అంచున ఉండే చెంచు గూడెం ఆమెది. కొండచీపుర్లు, తేనె, కుంకుడుకాయలు నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్ముతుంది. నా కంటే రెండు మూడేళ్ళు చిన్నదై ఉంటుంది. నన్ను "అక్కా" అని పిలిచేది. ఎండ ముదిరాక మా చర్చి వరండాలో కూర్చుని కాసేపు నడుము వాలుస్తుందని పక్కింటావిడ చెప్పింది. చెప్పడం ఊరికే చెప్పింది. నేనే దాన్ని మనసులో పెట్టుకున్నాను.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి గూట్లో తేనె సీసా ఉంది. ఎక్కడిదని అడిగితే, దగ్గుకు మంచిదని ఆ చీపుర్లామె ఇచ్చిందని మా ఆయన చెప్పాడు. ఆమె నీకెట్ల తెలుసని అడిగాను. రోడ్డు మీద పోతుంటే కనపడిందన్నాడు. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు. మా పెళ్ళై ఇరవై ఆరేళ్ళు. ఆయన అబద్ధం చెప్పేటప్పుడు గేదెల వైపు చూస్తాడు. ఆ రోజు గేదెల వైపే చూశాడు. నేను ఆ తేనె ముట్టుకోలేదు. ఆ రాత్రి ప్రార్థన చేసుకుందామని మోకరిస్తే కళ్ళ ముందు ఆ సీసానే కనపడింది.

నాలుగు రోజుల తర్వాత చినుకులు పడటంతో కాయలు కోయడం ఆపేసి మేస్త్రి మమ్మల్ని మధ్యాహ్నమే పంపేశాడు. చర్చి మీదుగా వస్తుంటే వరండాలో ఆమె కూర్చుని ఉంది. చీపుర్ల మోపు గోడకు ఆనించి ఉంది. చేతిలో చెంబు. అది లోపల కుండ మీద ఉండాల్సిన చెంబు. తలుపుకు తాళం వేసే ఉంది.

ఈ చెంబు నీ చేతికి ఎట్ల వచ్చిందని అడిగాను. ఆమె చెంబు వైపు చూసింది, తాళం వైపు చూసింది. నాకు తిక్క రేగింది. అప్పటికే ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. వాళ్ళు చూస్తున్నారన్న ధైర్యంతోనే నేను గొంతు పెంచాను.

"దేవుని మందిరంలో దొంగమాదిరి దూరి నీళ్ళు తాగుతావా? ఎవరిచ్చినారు నీకు తాళంచెవి?"

ఆమె చెంబును మెట్టు మీద పెట్టింది. మోపు నెత్తిన పెట్టుకుంది. "నీళ్ళు తాగినా అక్కా. ఇంక రాను," అంది. వానలోనే రోడ్డెక్కి వెళ్ళిపోయింది.

చెంబు ఇంటికి తెచ్చి బూడిదతో తోమాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి తోముతుంటే మా అవ్వ గుర్తొచ్చింది. పెద్దోళ్ళ బావి దగ్గర దోసిలి పట్టుకుని నిలబడితే పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళని, చెంబు తాకనిచ్చేవాళ్ళు కాదని, అందుకే మీ తాత ఏసుప్రభువును నమ్ముకున్నాడని మాకు చిన్నప్పుడు చెప్పేది. గుర్తొచ్చింది, అయినా నా చెయ్యి ఆగలేదు. ఆ ఒక్క విషయం నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

అయ్యగారికి చెప్పి కొత్త తాళం వేయించాను. ఈసారి ఆయనకు రెండో తాళంచెవి కూడా ఇవ్వలేదు. ఏదో సాకు చెప్పాను. రెండు వారాలు గడిచాయి. ఆ చెంచు ఆమె మా ఊరివైపు రాలేదు. మూడో శనివారం వెళ్ళి చూస్తే డోలక్ సంచికి మళ్ళీ ఆ రెండు చుట్ల ముడి.

ముడి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆమె రాలేదు. తాళం కొత్తది. తాళంచెవి మా ఇంట్లో, వంటింటి మేకుకు ఉంటుంది. ఆ ఇంట్లో పగలు ఉండేది ఒక్కడే మనిషి. నాకు వెంటనే తోచింది ఏమిటంటే, ఆయన మళ్ళీ తాగుతున్నాడని, అందుకు ఎవరూ రాని చోటు ఇదేనని. అంతకంటే మంచి ఆలోచన నాకు రాలేదు.

సోమవారం పొలానికని బయలుదేరి, పదకొండు గంటలప్పుడు కడుపులో నొప్పని చెప్పి తిరిగి వచ్చాను. చర్చి తలుపు దగ్గరికి వేసి ఉంది. తాళం లేదు. చెప్పులు విడిచి పక్క కిటికీ దగ్గరికి వెళ్ళాను. లోపల మా ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో డోలక్. సంచి కూడా విప్పలేదు. బట్ట మీదనే వేళ్ళ కొసలతో వాయిస్తున్నాడు, మోత బయటికి రాకుండా. పెదాలు కదులుతున్నాయి. ఆయన పాడేది ఏ పాటో నాకు వినపడలేదు గాని, ఆ వేళ్ళ నడకను బట్టి తెలిసింది. రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం మేము పాడే పాట అది. మధ్యలో దగ్గు వస్తే ఆపుకుని, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

నా నీడ పడిందో ఏమో తల ఎత్తాడు. దొరికిపోయిన మనిషిలా కాకుండా, ఎవరో నిద్రలేపినట్టు చూశాడు.

"ఏమే, పనికి పోలేదా?"

"నువ్వు ఈడ ఏం చేస్తాండావు?"

"కనపడలేదా," అని డోలక్ పక్కన పెట్టాడు.

ఇంటికి నడుస్తూ కొంచెం కొంచెంగా చెప్పాడు. గనిలో పని మానేశాక ఇంట్లో పొద్దు పోక ఒకరోజు తాళం తీసుకుని లోపలికి వెళ్ళాడట. డోలక్ తాళ్ళు వదులై ఉంటే చూడలేక బిగించాడట. అప్పటినుంచి వారానికి రెండు మూడు సార్లు వస్తున్నాడు. ఆ చెంచు ఆమె వరండాలో కూర్చుని ఒకటి రెండుసార్లు విన్నది. ఎవరికీ చెప్పొద్దని ఆయన అడిగితే సరేనన్నది. ఆయన దగ్గు విని తేనె తెచ్చి ఇచ్చింది. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. నీకు చెప్తే ఆదివారం రమ్మని నా వెంటపడేదానివి అన్నాడు. అది నిజమే.

తర్వాత ఆయన అడిగాడు, ఆ ఆమె ఈమధ్య ఎందుకు రావడం లేదో నీకేమైనా తెలుసా అని. నేను చెంబు సంగతి చెప్పాను. వీధిలోనే ఆగిపోయాడు.

"ఆ చెంబుతో నీళ్ళిచ్చింది నేనే. తాళం వేసుకుని పోతా చెంబు మర్చిపోయినాను. ఆమె ఒక్క మాట చెప్పినా అయిపోయేది గదే. ఎందుకు చెప్పలేదు?"

ఎందుకు చెప్పలేదో ఇద్దరికీ తెలుసు.

ఆ శుక్రవారం ఒకరింట్లో జరిగిన స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పే సమయంలో లేచి నిలబడ్డాను. అంతా చెప్పాలనే లేచాను. తీరా నోరు తెరిస్తే, ఒక మనిషి పట్ల తప్పు చేశాను, నా కోసం ప్రార్థించండి అని మాత్రం వచ్చింది. అందరూ అయ్యో అన్నారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, నీలాంటి మెత్తని మనసు అందరికీ ఉండదంది. కూర్చున్నాక నాకు నా మీదనే అనుమానం పుట్టింది. ఇన్నాళ్ళూ ఇతరుల ముఖాల్లో నేను వెతికింది ఇదే. ఒప్పుకున్నట్టే ఉండి, మంచిపేరు తెచ్చుకోవడం.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారిని వరండాలో ఆపి, బూడిద సంగతి తప్ప మిగతాదంతా చెప్పాను. కొత్త తాళానికి రెండో తాళంచెవి కూడా ఆయన చేతికిచ్చాను. ఆయన అంతా విని, "నాకు చెప్తే ఏం లాభమమ్మా? ఆమెకు చెప్పినావా?" అని అడిగారు. తర్వాత మా ఇంటికి వచ్చి మా ఆయన పక్కన గేదెల కొట్టం దగ్గర చాలాసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. వినాలని రెండుసార్లు అటువైపు నీళ్ళబకెట్ పట్టుకుపోయాను, ఇద్దరూ ఊరుకున్నారు. పై ఆదివారం మా ఆయన వచ్చి తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు. పెద్దల్లో ఒకరు మొహం అటు తిప్పుకున్నారు. ఎవరూ ఆయనను నిలబడమనలేదు. ఆయనా డోలక్ వైపు పోలేదు. అలా ఇప్పటికి అయిదు ఆదివారాలు.

గూడేనికి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఏదైనా తీసుకుపోదామా అని ఆలోచించి, లంచంలా ఉంటుందేమోనని వట్టి చేతులతో బస్సెక్కాను. దోర్నాల దాటాక దిగి, మట్టిదారిలో కొంతదూరం నడిస్తే గుడిసెలు కనపడ్డాయి. ఆమె చెట్టు కింద కూర్చుని చీపుర్లు కడుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏందమ్మా, ఇంత దూరం వచ్చినావు?"

ఎప్పుడూ అక్కా అనేది, ఇప్పుడు అమ్మా అంది. ఆ ఒక్క అక్షరం తేడా నాకు తగలాల్సిన చోటే తగిలింది. నేను నిలబడే చెప్పాను. మా ఆయన చెప్పగా తెలిసిందని, నేను అన్న మాట తప్పని, ఆ రోజు అందరూ చూస్తున్నారని ఇంకా గట్టిగా అన్నానని. ఆమె పుల్లలు సరిచేస్తూనే వింది.

"ఆరోజే ఒక్క మాట చెప్పకూడదా?" అని అడిగాను.

"మీ ఆయన చెప్పొద్దన్నాడు, సరే అన్నాను. మాటిచ్చినాక ఎట్ల చెప్పేది?"

"నన్ను క్షమించు."

ఆమె చేతిలోని పుల్లలు కింద పెట్టింది. "కోపముండాదమ్మా. నీళ్ళు తాగితే దొంగంటివి. పోతాది లే. ఈ పొద్దే పోవాలంటే పోదు."

మా చర్చిలో క్షమించేశానని ఎంతోమంది చెప్పగా విన్నాను. ఎప్పుడూ నమ్మబుద్ధి కాలేదు. ఆమె మాట మాత్రం వెంటనే నమ్మాను. ఎండ వేళ మా చర్చికి వచ్చి కూర్చోమని, తలుపు తీసి ఉంచుతానని చెప్పాను. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. కాస్త జరిగి, తన పక్కన చోటు చూపించింది.

"బస్సు మూడింటికి గాని లేదు. ఊరికే నిలబడేదెందుకు, ఈ కొస పట్టుకో."

కూర్చుని చీపురు కట్ట మొదలు పట్టుకున్నాను. ఆమె నార చుట్టి లాగి బిగించింది. గట్టిగా పట్టుకోమని రెండుసార్లు మందలించింది. బస్సు వేళ అయ్యేదాకా ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోకుండా కడుతూనే ఉన్నాం. నా అరచేతిలో పుల్లలు గీరి ఎర్రగా గీతలు పడ్డాయి.