ఓబులేసు పేల వేట

ఆకు కనబడితే తిరగేసి చూడకుండా ఉండలేకపోవడం ఓబులేసు జబ్బు. నిమ్మ చిగుళ్లలో తల వంచి, తోక ఎత్తి కూర్చుని, వేలు పెట్టేలోగా టప్పున దూకేసే చెట్టు పేనంటే ఆయనకు బద్ధవైరం. ఆ కాలంలో నెల్లూరు దగ్గరి వెంకటాచలం చుట్టుపక్కల ఆయన భార్య పెంచలమ్మ పడినన్ని అవస్థలు మరే ఇల్లాలూ పడలేదు.

పెళ్లి భోజనాల్లో చారులోని కరివేపాకును కూడా తీసి తిరగేసేవాడు.

"ఉడికిన ఆకులో పేనెట్టా బతుకుద్దయ్యా?" అని పళ్లు నూరేది పెంచలమ్మ.

"చచ్చిందైనా కనపడితే మనసుకు నిమ్మళంగా ఉంటది మే!"

ఒకసారి నెల్లూరు బస్సులో ముందు సీటావిడ జడలో మరువం చూసి, ఆగలేక వంగాడు. ఆవిడ గిరుక్కున తిరిగింది.

"ఏం లేదమ్మా, పేలున్నాయేమోనని..."

"నా తల్లో పేలా?"

ఆ రోజు మొగుడూ పెళ్లాం సగం దారిలోనే దిగి, ఇంటికి నడిచి వచ్చారు.

పందొమ్మిది వందల అరవై రెండులో నిమ్మతోటలకు తెగులు తగిలింది. వ్యవసాయాఫీసరు వచ్చి, దాన్ని చెట్టు చెట్టుకూ మోసేది ఈ పేనేననీ, ఇది కరివేప మీద కూడా పెరుగుతుందనీ, పేను పట్టిన చెట్లు కొట్టేయాల్సిందేననీ చెప్పాడు. ఓబులేసు తోట కంచె అవతల వెంకటశేషమ్మ పెరడంతా కరివేపే. మొగుడు పోయాక, ఆమె ఆ ఆకు కట్టలుగట్టి అమ్ముకునే బతుకుతోంది. చెట్ల ముందు నిలబడింది.

"నీ కన్ను నమ్మొచ్చు ఓబులేసూ. చూసి చెప్పు" అన్నాడు ఆఫీసరు.

ఓబులేసు కొమ్మ వంచి ఆకు తిరగేశాడు. పక్కనే ఉన్న పెంచలమ్మ కూడా తొంగి చూసింది. పేలు బారులు తీరి ఉన్నాయి. ఆయన చాలాసేపు ఆకును చూశాడు. తర్వాత వెంకటశేషమ్మను చూశాడు.

"ఒక్కటి కూడా లేదు సార్."

మొగుడి నోట ఆ మాట పెంచలమ్మ వినడం అదే మొదలు. అంతలో ఒక పేను ఎగిరి ఆయన మీసం మీద వాలింది.

"ఏమిటయ్యా అది, మీసం మీద?" అన్నాడు ఆఫీసరు.

ఓబులేసు నోరు తెరిచేలోగా పెంచలమ్మే అందుకుంది.

"ఇందాక నువ్వులుండ తిన్నాడు సార్. గింజ అంటుకున్నట్టుంది."

అది కాస్తా దూకింది.

"గింజ ఎగిరిందే!"

"ఎగరదా సార్? ఈడ సముద్రం గాలి అట్టాంటిది!"

ఆఫీసరు ఆమెను చూసి, వెంకటశేషమ్మను చూసి, నవ్వాపుకుంటూ సైకిలెక్కాడు.

మర్నాడు తెల్లారగానే ఓబులేసు బిందెడు కుంకుడు రసంతో కంచె దాటాడు.

"పేలు లేవన్నావు గదా తమ్ముడా, ఇదేంది?" అంది వెంకటశేషమ్మ.

"చెట్లక్కూడా అప్పుడప్పుడూ తలంటు మంచిదక్కా" అన్నాడు, ఆకు తిరగేసి రుద్దుతూ.

ఆ ఏడు పొడుగునా కుంకుళ్లు కొట్టి, రసం పిసికి ఇచ్చింది మాత్రం పెంచలమ్మే.