ముల్లు దాటని గీత

మా మావ పోయాడని గజపతినగరం నుంచి ఫోన్ వచ్చే వేళకి నేను దేవుడి దగ్గర వత్తి వేస్తున్నాను. మావ అంటే మా అమ్మ తమ్ముడు. రోడ్డు పక్క రేకుల షెడ్డులో బండ్లు బాగుచేస్తూ వయసంతా గడిపిన మెకానిక్. హైస్కూలు చదువు అయ్యాక నేను ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది ఎందుకంటే, ఆయన పెద్దకార్యం నాడు నలుగురిలో నేను అన్న ఒక మాట గొంతులో అడ్డంగా ఉండిపోయింది. పూజలో కూర్చున్నా అది దిగడం లేదు.

మాకు ఒక పాత డీజిల్ వ్యాగన్ ఉంది. టర్బో బండి. ఇంజన్ వదిలే పొగ బలంతో తిరుగుతూ, మళ్లీ ఇంజన్‌కే మరింత గాలి ఊదే చిన్న చక్రాన్ని టర్బో అంటారని నాకు చెప్పింది మావే. మా ఆయన ఆ బండిని కిరాయికి తిప్పుతారు, ఎక్కువగా సాలూరు ఘాటీ కొండదారి మీదుగా ఒడిశా వైపు. మావ ఉన్నన్నాళ్లూ దాని మీద ఇంకొకరి చెయ్యి పడలేదు. అరిగిన స్ప్రింగులు తీసి గట్టివి వేశాడు. చిన్న రేడియేటర్ తీసి పెద్దది కట్టాడు. స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఆ వేళ ఎవరైనా మాట్లాడితే, “ఉండండెహె, దాని బాద అది సెప్పుకుంటన్నాది,” అని కసిరేవాడు.

దూరం నుంచి వచ్చాక ఇంజన్‌ని వెంటనే ఆపనిచ్చేవాడు కాదు. కాలిపోతున్న టర్బో కాస్త నెమ్మదించాలి.

“పరిగెత్తొచ్చినోడి నోట్లో గుడ్డ కుక్కుతారేటి? ఒసే అమ్మీ, నీ స్తోత్రం సదువు. నీ సదువయ్యాక ఆపుదుము,” అనేవాడు.

నేను చదివేదాన్ని. ఆఖరి నమస్కారం అయ్యాక మా ఆయన తాళం తిప్పేవారు. నా ప్రార్థన బానెట్ కింద కూడా పనికొస్తోందని నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

ఒక వర్షాకాలం ఘాటీ మలుపులో బండి పల్టీ కొట్టింది. మా ఆయన భుజం ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఆయన పక్కన కూర్చుని, ఈ మనిషి ఇక స్టీరింగు పట్టడానికి వీల్లేదన్నాను. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. అందుకే అందరూ విన్నారు. కట్టు విప్పాక ఆయన అరుగు మీద కూర్చుని రోడ్డున పోయే బండ్లు చూస్తూ ఉండిపోయేవారు. అన్నం కూడా సరిగా తినేవారు కాదు.

అప్పుడు మావ ఆ బండిని బాగుచేసి అరసవల్లి తీసుకొచ్చాడు. ఆదివారం. ప్రతి వారంలాగే నేను దర్శనం చేసుకుని బయటికి రాగానే బండి తలుపు తీసి, స్టీరింగు పక్కన కొత్తగా బిగించిన మీటరు చూపించాడు. టర్బో ఎంత గట్టిగా ఊదుతోందో దాని ముల్లు చెబుతుందట.

“బలం తగ్గించీసేనే. నీ తిలకం సీసా ఇలగియ్యి.”

మీటరు అద్దం మీద ఎర్రగా గీత గీశాడు. గుడి వైపు తిరిగి చెయ్యెత్తాడు.

“సూర్యనారాయణమూర్తి సాచ్చి. ఈ ముల్లు ఈ గీత దాటదు. దాటిందంటే నాను మరి పానా ముట్టను.”

నమ్మాను. మా ఆయన చేతికి నేనే తాళాలు ఇచ్చాను.

అప్పటి నుంచి బండెక్కితే నా చూపు దాని మీదే. ఎత్తు ఎక్కేటప్పుడు వీపు సీటుకి అతుక్కుపోయేది, వెనక నల్లటి పొగ లేచేది.

“ఏటి మావా, ఇంతలాగ లాగుతన్నాది?” అంటే, “ఇంజను బాగుంటే అలగే లాగుతాది. డీజిలు బాగోక ఆ పొగ. నువ్వు ముల్లు సూసుకో,” అనేవాడు.

చూసేదాన్ని. ముల్లు గీతకి కిందే ఉండేది. రెండు చేతులూ కళ్లకద్దుకునేదాన్ని. అద్దంలో వెనక సీట్లోని మావా, నడుపుతున్న మా ఆయనా ఒకరినొకరు చూసి నవ్వుకునేవారు. నా భక్తి చూసి ముచ్చటపడుతున్నారనుకునేదాన్ని.

మావ పోయిన నాలుగు రోజులకే టర్బో దగ్గర ఆయిల్ కారడం మొదలైంది. శ్రీకాకుళంలో వేరే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. అతను మీటరుకి వెళ్లే సన్న గొట్టాన్ని పట్టుకుని వెలుగులోకి తిప్పాడు.

“ఇదెవులు సేసారమ్మా? భలే పనోడు. ఇక్కడ సిల్లెట్టి గాలి సగం బయటికి వొగ్గీసేడు. ముల్లు సగమే సూపిస్తాది. లోపల సూస్తే కంపినీ ఇచ్చినదానికన్నా ఎక్కువ ఊదుతన్నాది. డీజిలు ఎక్కువ తాగీలాగ పంపు కూడా తిప్పీసేడు!”

మా ఆయన టైరు వైపు చూస్తున్నారు.

“మీకు తెలుసా?” అన్నాను.

“బలం తగ్గించీస్తే ఘాటీలో లారీల ఎనక పాకాలే. అదీ ప్రమాదమే. మావ మంచికే సేసాడు.”

“నాకు సెప్పొచ్చు గదా.”

“సెప్తే ఒప్పుకుందువా?”

“ఒప్పుకోను. అందుకే సెప్పాలి.”

“నీ మనశ్శాంతి కోసమేనే ఆ మీటరు...”

“మనశ్శాంతికి కూడా సిల్లెట్టీసేరు కదండీ.”

ఆయన వొంగి టైరులో గాలి చూడసాగారు. మెకానిక్ మాత్రం ఆ గొట్టాన్ని ఇంకా మెచ్చుకుంటూనే ఉన్నాడు.

ఘాటీకి వెళ్లిన ప్రతిసారీ ఆయన క్షేమంగా తిరిగొచ్చారు. అందుకు దేవుడికి ఎన్నిసార్లో కొబ్బరికాయ కొట్టాను. మావ చేతి పనికీ దణ్ణం పెట్టాలేమో, ఆయన కట్టిన బ్రేకులు ఎన్నడూ మోసం చెయ్యలేదు. కానీ ఆ భయాన్ని మోసే హక్కు నాది. నా మనిషి ప్రాణం మీద భయం అది. దాన్ని నా చేతుల్లోంచి నాకు తెలియకుండా తీసేసి, దేవుణ్ణి కాపలా పెట్టారు ఇద్దరూ.

పెద్దకార్యం నాడు భోజనాలయ్యాక అత్త, అంటే మావ భార్య, నా చెయ్యి పట్టుకుని అందరికీ వినబడేలా అడిగింది: “మీ మావ ఎప్పుడేనా మాట తప్పేడేటే? నువ్వు సెప్పు. దేవుడి ముందు నీకు మాటిచ్చేడు గదా.”

ఏడ్చి ఏడ్చి ఆమె ముఖం ఉబ్బి ఉంది.

“ముల్లు ఎన్నడూ గీత దాటలేదత్తా,” అన్నాను.

అత్త కళ్లు తుడుచుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నేనన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అరసవల్లిలో మావ వేసిన ఒట్టులోనూ లేదు. అలాంటి మాట ఎంత మెత్తగా నోట్లోంచి జారుతుందో ఆ రోజే తెలిసింది.

బయట మా ఆయన బండి స్టార్ట్ చేసి ఉంచారు. “ఎక్కవే,” అన్నారు. నేను బస్సుకి వస్తానన్నాను.

ఊరు దాటాక ఎత్తు మీద మా బస్సు మూలుగుతుంటే వెనక నుంచి సన్నటి ఈల వినబడింది. మా వ్యాగన్. ఇన్నేళ్లూ లోపల కూర్చున్నదాన్ని, అది బయటి నుంచి ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. ఆ ఎత్తు ఎత్తే కానట్టు, గాలిపటంలా లేచి బస్సుని దాటిపోయింది. మా ఆయన విరిగిన భుజాన్ని కాస్త వంచి, రోడ్డునే చూస్తున్నారు. ఎంత అందంగా వెళ్లిందో చెప్పలేను. కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను. పొగ చాలాసేపు కిటికీ దగ్గరే ఆగింది.

ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా చింపకండి, దాచండి. అత్తకి మాత్రం చూపకండి. ఆమెకి ఆయన మాట తప్పని మనిషి. నాకూ చాలా ఆదివారాలు అలాగే ఉన్నాడు.